ప్రజాధనానికి పద్దు చెప్పిన పాలకుడు: జేమ్స్ ఎడ్విన్ వెబ్

1969 జూలై 20వ తేదీన మానవుడు చంద్రునిపై కాలు మోపిన సంగతి ప్రాథమిక పాఠశాల విద్యార్థికి సైతం తెలిసినదే. ఆ ఘట్టాన్ని తలచుకొన్నపుడు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు, ఆయన సహచరుల పేర్లు, బ్రహ్మాండమైన శాటర్న్ రాకెట్ నిర్మాణానికి నాయకత్వం వహించిన వాన్ బ్రౌన్ పేరు మన నాలుకలపై ఆడుతాయి. అయితే ఆ మహాయాత్రకు కావలసిన ధనం ఏ ఖజానా నుండి వచ్చింది, దానిని ఎవరు అడిగారు, ఎవరు మంజూరు చేశారు, ఖర్చయిన సొమ్ముకు ఎవరు ఎవరికి లెక్క అప్పగించారు అన్న ప్రశ్నలు మనలో పెక్కుమందికి తట్టవు. వీటికి సమాధానం వెదకబోయిన వారికి తప్పక ఎదురయ్యే వ్యక్తి జేమ్స్ ఎడ్విన్ వెబ్.

వెబ్ శాస్త్రవేత్త కారు, ఇంజనీరు కారు. న్యాయశాస్త్రం చదివి, బడ్జెట్ కాగితాల మధ్య పెరిగిన పరిపాలకుడు. 1961 ఫిబ్రవరి నుండి 1968 అక్టోబరు వరకు అమెరికా ప్రభుత్వ అంతరిక్ష సంస్థ అయిన నాసాకు అధిపతిగా ఉన్నారు. ఆయన జీవితాన్ని మేమిక్కడ ఒక ప్రత్యేక దృష్టితో పరిశీలించదలచాము. ప్రజాధనంతో నడిచే ఒక పెద్ద సంస్థకూ, ఆ ధనాన్ని మంజూరు చేసే ప్రజాప్రతినిధుల సభకూ మధ్య ఉండవలసిన సంబంధం ఎట్టిది అన్నదే ఆ దృష్టి. ఆ సంబంధాన్ని వెబ్ ఎంత నేర్పుతో నిర్మించారో, ఒక్క కాగితం కారణంగా అది ఎట్లు బీటలు వారిందో తెలుసుకొనడం పౌరశాస్త్రం చదివే విద్యార్థికే కాక, రేపు ఏ ఉద్యోగంలోనైనా ప్రజల సొమ్మును చేతబట్టబోయే ప్రతి విద్యార్థికీ ఉపయోగకరమని మా నమ్మకం.

ముందుగా ఒక చిన్న వివరణ అవసరం. అమెరికాలో కాంగ్రెసు అనగా రాజకీయ పక్షం పేరు కాదు, ఆ దేశపు పార్లమెంటు. మనకు లోక్‌సభ, రాజ్యసభ ఉన్నట్లే వారికి ప్రతినిధుల సభ, సెనేటు అని రెండు సభలు ఉన్నాయి. అక్కడి మంత్రులు సభలో సభ్యులుగా కూర్చొనరు. కావున ప్రభుత్వ సంస్థలను ప్రశ్నించే పని ప్రధానంగా సభా సంఘాలలో జరుగుతుంది. సంస్థ అధిపతి ఆ సంఘాల ఎదుట హాజరై, సభ్యులు అడిగిన దానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది. వెబ్ జీవితంలోని ఎత్తుపల్లాలన్నీ ఈ సంఘాల బల్లల ముందే సాగాయి.

జేమ్స్ వెబ్ 1906 అక్టోబరు 7వ తేదీన ఉత్తర కరోలినా రాష్ట్రంలో గ్రాన్‌విల్ కౌంటీకి చెందిన ట్యాలీ హో అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి ఆ కౌంటీలోని ప్రభుత్వ పాఠశాలలకు పర్యవేక్షకుడు. పాఠశాలలకు వచ్చే ప్రభుత్వ ధనం ఎట్లు పంపిణీ అవుతుందో, ఎన్ని చేతులు మారుతుందో ఆ ఇంటి పిల్లలు దగ్గరి నుండి చూచి ఉంటారు. వెబ్ చాపెల్ హిల్‌లోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో చదివి 1928లో విద్యాశాస్త్రంలో పట్టభద్రులయ్యారు. అనంతరం మెరైన్ సైనికదళంలో చేరి విమాన చోదకుడుగా శిక్షణ పొందారు. అది అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకొని పోయిన కాలం. ఉద్యోగాలు దొరకడం గగనకుసుమంగా ఉండేది.

1932లో వెబ్ వాషింగ్టన్ నగరానికి చేరి, ఉత్తర కరోలినా నుండి ఎన్నికైన ఎడ్వర్డ్ పౌ అనే వృద్ధ ప్రతినిధి వద్ద కార్యదర్శిగా కుదిరారు. పౌ ప్రతినిధుల సభలో నియమాల సంఘానికి అధ్యక్షుడు. ఏ బిల్లు ఎప్పుడు చర్చకు రావాలి, ఎంత సేపు చర్చించాలి అన్నది ఆ సంఘం నిర్ణయించేది. రూజ్‌వెల్ట్ అధ్యక్షుడై సంస్కరణ చట్టాలను వెల్లువలా తెచ్చిన 1933లో ఆ కార్యాలయంలో పనిచేసిన యువకునికి శాసనసభ నాడి తెలియకుండా ఉండదు. సభ్యుడు దేనికి సంతోషిస్తాడు, దేనికి కోపిస్తాడు, ఏ మాట దాస్తే క్షమించడు అన్న విషయాలను వెబ్ అక్కడే నేర్చుకొన్నారు. తర్వాత మాజీ గవర్నరు మాక్స్ గార్డ్‌నర్ వద్ద సహాయకుడుగా ఉంటూ, జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తిచేసి 1936లో న్యాయవాదిగా నమోదయ్యారు.

ఆ సంవత్సరమే ఆయన బ్రూక్లిన్‌లోని స్పెర్రీ జైరోస్కోప్ కంపెనీలో చేరారు. విమానాలకు, నౌకలకు అవసరమైన సున్నితమైన పరికరాలను తయారుచేసే ఆ సంస్థ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఎన్నో రెట్లు పెరిగింది. వెబ్ అందులో ఉపాధ్యక్ష పదవి వరకు ఎదిగారు. ఒక సంస్థ హఠాత్తుగా పెరిగినపుడు తలెత్తే చిక్కులన్నీ ఆయనకు అక్కడ అనుభవంలోకి వచ్చాయి. 1944లో తిరిగి మెరైన్ దళంలో చేరి, యుద్ధానంతరం ప్రభుత్వ సేవకు మరలారు.

1946లో అధ్యక్షుడు ట్రూమన్ ఆయనను బడ్జెట్ కార్యాలయానికి డైరెక్టరుగా నియమించారు. అప్పటికి వెబ్ వయస్సు నలుబది సంవత్సరాలు నిండలేదు. ప్రభుత్వంలోని ప్రతి శాఖా తనకు ఎంత కావాలో వ్రాసి పంపితే, దానిని కత్తిరించి, కూడి, అధ్యక్షుని పేరిట కాంగ్రెసుకు సమర్పించే కార్యాలయమది. మూడేళ్లపాటు వెబ్ ఆ పని చేశారు. 1949 నుండి 1952 వరకు విదేశాంగ శాఖలో ఉపమంత్రిగా పనిచేశారు. ఆ తర్వాత రాజధానిని విడిచి ఓక్లహోమాలో కెర్ మెక్‌గీ అనే చమురు సంస్థకు చెందిన వ్యాపారాలలో ప్రవేశించారు. ఆ సంస్థ అధినేతలలో ఒకరైన రాబర్ట్ కెర్ సెనేటు సభ్యుడు కూడా. 1961లో సెనేటు అంతరిక్ష సంఘానికి అధ్యక్షుడైనది ఆయనే. వెబ్ పేరు నాసాకు పరిశీలనకు రావడంలో ఈ పరిచయం పాత్ర కొంత ఉన్నది. తనను పర్యవేక్షించవలసిన సంఘానికి అధ్యక్షుడు తన పాత యజమాని కావడం వెబ్‌కు మొదట్లో బలాన్నిచ్చింది. అయితే పర్యవేక్షకునికీ పర్యవేక్షింపబడే వానికీ మధ్య అంతటి చనువు మంచిదేనా అన్న ప్రశ్నకు కూడా అది తావిచ్చింది.

కెన్నెడీ పిలిచినపుడు వెబ్ వెంటనే అంగీకరించలేదు. ఆ పదవికి శాస్త్రజ్ఞుడు తగునని వాదించారు. విజ్ఞానం కంటె విధాన నిర్ణయమే ఆ పదవిలో ప్రధానమని కెన్నెడీ నచ్చజెప్పిన మీదట ఒప్పుకొన్నారు. 1961 ఫిబ్రవరి 14న బాధ్యతలు స్వీకరించారు. రెండు నెలలు తిరగకముందే, ఏప్రిల్ 12న, సోవియట్ యువకుడు యూరీ గగారిన్ భూమిని చుట్టివచ్చాడు. మే 25న కెన్నెడీ ఉభయసభల ఎదుట నిలిచి, ఆ దశాబ్ది ముగిసేలోగా మనిషిని చంద్రునిపైకి పంపి క్షేమంగా తిరిగి తీసుకొనిరావాలన్న లక్ష్యాన్ని ప్రకటించారు.

లక్ష్యాన్ని ప్రకటించడం ఒక ఎత్తు, దానికి ధనం సంపాదించడం మరొక ఎత్తు. నాసాను స్థాపించిన చట్టం 1958 జూలైలో ఆమోదం పొందింది. ఆ సంస్థ 1958 అక్టోబరు 1న పని ప్రారంభించింది. మరుసటి సంవత్సరమే కాంగ్రెసు ఒక నిబంధన చేర్చింది. దాని ప్రకారం నాసా ఏటా రెండు గుమ్మాలు దాటాలి. మొదటిది అనుమతి చట్టం. ఉభయసభలలోని అంతరిక్ష సంఘాలు ప్రతి పథకాన్నీ పరిశీలించి, ఇది చేయదగినదే, ఇంత వరకు ఖర్చు చేయవచ్చు అని నిర్ణయించాలి. రెండవది ద్రవ్య వినియోగ చట్టం. వేరొక సంఘం కూర్చొని వాస్తవంగా ఎంత సొమ్ము ఇవ్వాలో తేల్చాలి. మొదటి గుమ్మం దాటినంత మాత్రాన రెండవది తెరచుకొంటుందన్న హామీ లేదు. ఇవి చాలక, 1921 నుండి కాంగ్రెసుకు తనదైన తనిఖీ కార్యాలయం ఒకటి ఉన్నది. మన దేశంలో ప్రజా పద్దుల సంఘమూ, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కార్యాలయమూ చేసే పనికి దీనిని కొంతవరకు పోల్చవచ్చు.

ఈ రెండు గుమ్మాలనూ దాటే విద్య వెబ్‌కు బాగా తెలుసు. చంద్రయాత్రకు ఎంత అవుతుందని అడిగినపుడు ఆయన ఇంజనీర్లు వేసిన లెక్క 1,000 కోట్ల డాలర్లకు కొంచెం పైగా ఉన్నది. వెబ్ దానిని యథాతథంగా తీసుకొనిపోలేదు. ఎవరూ ఎన్నడూ చేయని పనికి వేసిన అంచనాలో ఎదురుకాబోయే చిక్కులకు చోటు ఉండదని ఆయనకు తెలుసు. అందుచేత 2,000 కోట్ల డాలర్ల వరకు కావచ్చునని చెప్పారు. 1973లో నాసా కాంగ్రెసుకు సమర్పించిన తుది లెక్క 2,540 కోట్ల డాలర్లు. ముందుగా తక్కువ చెప్పి, పని సగంలో ఉండగా మరింత ఇమ్మని చేయి చాచడం పెక్కు సంస్థలకు అలవాటు. వెబ్ ఆ దారి తొక్కలేదు. మొదటనే పెద్ద అంకె చెప్పి, దానికి సాధ్యమైనంత కట్టుబడడం వల్లనే సభ్యులకు ఆయన మాటపై గురి కుదిరింది.

ఆ గురి ఎంతటిదో అంకెలే చెబుతాయి. 1961 ఆర్థిక సంవత్సరంలో నాసాకు లభించినది సుమారు 96 కోట్ల డాలర్లు. 1962లో అది 182 కోట్లు, 1963లో 367 కోట్లు, 1964లో 510 కోట్లు, 1965లో 525 కోట్లు అయింది. 1966లో ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ వ్యయం మొత్తంలో నాసా వాటా నూటికి నాలుగు పాళ్లు దాటింది. సంస్థలో నేరుగా పనిచేసినవారు ముప్పై వేలకు పైబడగా, కాంట్రాక్టు కంపెనీలలోను విశ్వవిద్యాలయాలలోను ఈ కార్యంలో భాగస్వాములైన వారితో కలిపి ఆ సంఖ్య నాలుగు లక్షలకు చేరింది. వెబ్, ఆయన సహాయకుడు హ్యూ డ్రైడెన్, మరొక అధికారి రాబర్ట్ సీమన్స్ ముగ్గురూ కలిసి ముఖ్య నిర్ణయాలు తీసుకొనేవారు. డ్రైడెన్‌ది విజ్ఞానం, సీమన్స్‌ది దైనందిన నిర్వహణ. అధ్యక్ష భవనంతోను, కాంగ్రెసుతోను వ్యవహరించే భారం వెబ్‌ది.

ఈ వ్యవహారంలో అన్నీ ఆదర్శాలే ఉన్నాయని మేము చెప్పబోము. ప్రజాప్రతినిధి దేశం కొరకు ఎంత ఆలోచిస్తాడో, తన నియోజకవర్గం కొరకు కూడ అంతే ఆలోచిస్తాడు. నాసా సొమ్మును పరిశీలించే ద్రవ్య వినియోగ ఉపసంఘానికి ఆల్బర్ట్ థామస్ అధ్యక్షుడు. ఆయన టెక్సాస్‌లోని హూస్టన్ నగరానికి ప్రతినిధి. 1961 సెప్టెంబరులో మానవ సహిత అంతరిక్ష యాత్రల కేంద్రం హూస్టన్‌కు లభించింది. దీనిలో కాకతాళీయం ఎంత, రాజకీయం ఎంత అన్నది విజ్ఞులు ఊహించుకోవచ్చు. పర్యవేక్షణ అనే అధికారానికి ఇట్టి మూల్యం కూడ ఉంటుంది. వెబ్ ఆ వాస్తవాన్ని ఎరిగి, నాసా పనులు, పరిశోధన సహాయాలు దేశంలోని అనేక రాష్ట్రాలకు, విశ్వవిద్యాలయాలకు చేరేటట్లు చూచారు. దానివల్ల విద్యకు మేలు కలిగింది. సభలో ఓట్లూ దొరికాయి.

అయినా కాంగ్రెసు అడిగినదంతా ఇచ్చిందని అనుకోరాదు. 1963లో ప్రభుత్వం 571 కోట్ల డాలర్లు కోరగా కాంగ్రెసు 510 కోట్లతో సరిపెట్టింది. చంద్రునికై పరుగు వల్ల విద్య, వైద్యం వంటి ఇతర అవసరాలు వెనుకబడుతున్నాయన్న విమర్శ సభలలో వినవచ్చింది. వెబ్‌కు అధ్యక్షునితోనూ అభిప్రాయ భేదం లేకపోలేదు. 1962 నవంబరు 21న జరిగిన సమావేశంలో చంద్రయాత్రే నాసాకు సర్వప్రధానం కావాలని కెన్నెడీ పట్టుబట్టగా, అంతరిక్ష విజ్ఞానం అంతటా దేశం ముందుండాలని, ఆ యాత్ర ప్రధానమైన వాటిలో ఒకటి మాత్రమేనని వెబ్ వాదించారు. ఆ సంభాషణ రికార్డు 2001లో లోకానికి వెల్లడయింది. దేశాధ్యక్షుని ఎదుట కూడ తన మాట నిలుపుకొన్న మనిషి ఆయన అని దానివల్ల తేటతెల్లమైనది.

ఈ సందర్భంలో మన దేశానికి సంబంధించిన ఒక విషయం జ్ఞాపకం చేసుకోవాలి. పై సమావేశం జరిగిన సరిగ్గా ఏడాదికి, 1963 నవంబరు 21న, కేరళలోని తుంబా తీరం నుండి భారత భూమిపై తొలి పరిశోధక రాకెట్ ఎగిరింది. ఆ నైకీ అపాచీ రాకెట్‌ను ఇచ్చినది నాసాయే. వెబ్ పాలనాకాలంలో మొలకెత్తిన ఆ సహకారం ఆయన పదవి వీడిన తర్వాత కూడ కొనసాగింది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహం ద్వారా మన దేశంలో సుమారు 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ గ్రామాలలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడ ఉన్నాయి.

ఇక వెబ్ జీవితంలోని కఠిన పరీక్షకు వద్దాము. 1967 జనవరి 27న కేప్ కెన్నెడీలోని 34వ నంబరు ప్రయోగ వేదికపై అపోలో నౌకకు రిహార్సల్ జరుగుతున్నది. రాకెట్‌లో ఇంధనం లేదు. నౌకలో మాత్రం గస్ గ్రిస్సమ్, ఎడ్వర్డ్ వైట్, రోజర్ చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు బిగించిన పట్టీలతో కూర్చొని ఉన్నారు. లోపల నిండినది స్వచ్ఛమైన ఆక్సిజన్, అదీ బయటి గాలి కంటె ఎక్కువ పీడనంలో. సాయంకాలం ఆరున్నర దాటిన కొద్దిసేపటికి ఎక్కడో నిప్పురవ్వ పుట్టింది. నౌక తలుపు లోపలి వైపునకు తెరచుకొనే రకానిది. దానిని తీయడానికి ఒకటిన్నర నిమిషమైనా పట్టేది. లోపలి వారికి అంత వ్యవధి లభించలేదు. ముగ్గురూ మరణించారు. అంతరిక్షాన్ని శాంతియుతంగా ఉపయోగించాలన్న అంతర్జాతీయ ఒడంబడికపై వాషింగ్టన్‌లో సంతకాలు జరిగినది కూడ ఆ రోజే.

వెబ్ వెంటనే అధ్యక్షుడు జాన్సన్‌ను కలిసి, విచారణను నాసాకే అప్పగించవలసిందిగా కోరారు. ఇంతటి సాంకేతిక విషయాన్ని త్వరగా తేల్చగలవారు సంస్థలోనే ఉన్నారని ఆయన వాదం. జాన్సన్ సమ్మతించారు. ఫ్లాయిడ్ థామ్సన్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ మండలిలో సభ్యులు ఎక్కువ మంది నాసా వారే. తప్పు చేసినవాడే తీర్పరి కావడమేమిటని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. అయినా ఆ మండలి ఏప్రిల్ 5న సమర్పించిన నివేదిక సంస్థ పట్ల దాక్షిణ్యం చూపలేదు. నిప్పు ఎక్కడ పుట్టిందో నిర్ధారించలేకపోయినా, నౌక రూపకల్పనలో, తయారీలో, నాణ్యతా పరీక్షలో ఉన్న లోపాలను ఒక్కొక్కటిగా బయటపెట్టింది.

అంతకుముందే సెనేటులో మరొక నిప్పు రాజుకొన్నది. ఫిబ్రవరి 27న అంతరిక్ష సంఘం ఎదుట వెబ్, ఆయన సహచరులు హాజరయ్యారు. కెర్ 1963లోనే మరణించగా అప్పటికి సంఘానికి క్లింటన్ ఆండర్సన్ అధ్యక్షుడు. ఆ సంఘంలో వాల్టర్ మాండేల్ అనే కొత్త సభ్యుడు ఒక ప్రశ్న అడిగారు. అపోలో నౌకను తయారుచేసే నార్త్ అమెరికన్ ఏవియేషన్ కంపెనీ పనితీరును తీవ్రంగా విమర్శిస్తూ అపోలో కార్యక్రమ డైరెక్టరు జనరల్ శామ్యూల్ ఫిలిప్స్ 1965లో ఒక నివేదిక వ్రాశారట, అది నిజమేనా అన్నది ఆ ప్రశ్న సారాంశం. అట్టి నివేదిక ఏదీ తమ ఎరుకలో లేదని నాసా వారు బదులు చెప్పారు. వెబ్ కూడ తనకు తెలియదనే అన్నారు.

కాని ఆ కాగితం ఉన్నది. 1965 చివరలో ఫిలిప్స్ ఒక బృందంతో ఆ కంపెనీకి వెళ్లి పరీక్షించి, పనిలో జాప్యం, వ్యయంలో పెరుగుదల, నాణ్యతలో లోపం గమనించి, తన అసంతృప్తిని తెలియజేస్తూ డిసెంబరులో కంపెనీ అధ్యక్షునికి లేఖతో పాటు పరిశీలన పత్రాలను పంపారు. వెబ్ వరకు ఆ పత్రాలు రాలేదు. సంఘం ఎదుట ఆయన పలికినది తెలిసి చెప్పిన అబద్ధం కాదనే పలువురు చరిత్రకారుల అభిప్రాయం. తన అనుచరులు ఇంత ముఖ్యమైన సంగతి తనకు చెప్పనందుకు ఆయన ఎంతో నొచ్చుకొన్నారు. నాసాలో అడుగున ఉన్న చేదు నిజం పైవరకు రావడం లేదని ఆ క్షణంలోనే ఆయనకు బోధపడింది. పాతికేళ్లుగా ఆయన కూడబెట్టుకొన్న నమ్మకం ఒక్క మధ్యాహ్నంలో సడలిపోయింది.

తర్వాత జరిగినది ఆ సడలింపును మరింత పెంచింది. పత్రాలు ఉన్నాయని తెలిసిన మీదట వాటిని పూర్తిగా సంఘం ముందు బహిరంగంగా ఉంచడానికి వెబ్ వెనుకాడారు. కాంట్రాక్టరు లోపాలను గురించి అధికారులు వ్రాసుకొనే మాటలు బజారున పడితే, రేపటి నుండి ఎవరూ నిష్కర్షగా వ్రాయరని ఆయన వాదం. అది తేలికగా త్రోసివేయదగిన వాదం కాదు. ఏ కార్యాలయంలో పనిచేసినవారైనా దానిలోని సత్యాన్ని గుర్తిస్తారు. కాని ఆ నౌకకు సొమ్ము ఇచ్చినది కాంగ్రెసు, ఆ సొమ్ము ప్రజలది. ముగ్గురు మనుషులు బూడిదైన తరువాత ఆ ప్రజలకు తెలుసుకొనే హక్కు లేదనడం ఎట్లు సాధ్యం? ఏప్రిల్ నెలలో న్యూయార్కు ప్రతినిధి విలియం రయన్ ఆ పత్రాలను సంపాదించి బయటపెట్టారు. దాచిన కొద్దీ అనుమానం పెరుగుతుందన్న లోకానుభవం మరొకసారి రుజువైనది. 1961లో ఆ కాంట్రాక్టును మూల్యాంకన మండలి మార్టిన్ కంపెనీకి ఎక్కువ మార్కులు వేయగా, వెబ్, డ్రైడెన్, సీమన్స్ కలిసి నార్త్ అమెరికన్ కంపెనీకి ఇచ్చిన సంగతి కూడ అప్పుడు చర్చకు వచ్చింది.

ప్రతినిధుల సభలో ఓలిన్ టీగ్ అధ్యక్షతన గల ఉపసంఘం కూడ విచారణ జరిపింది. 1968 జనవరి 30న సెనేటు సంఘం తన నివేదికను వెలువరించింది. ఫిలిప్స్ పత్రాలలోని లోపాలు ఆ అగ్నిప్రమాదానికి కారణం కావని పేర్కొంటూనే, అంతటి గంభీర పరిస్థితిని నాసా కాంగ్రెసుకు తెలియజేసి ఉండవలసిందని స్పష్టం చేసింది. మాండేల్ విడిగా వ్రాసిన అభిప్రాయంలో నాసా తీరును ఇంకా కటువుగా విమర్శించారు. అప్పటికే, 1967లో, కాంగ్రెసు చట్టం ద్వారా అంతరిక్ష భద్రతకై ఒక సలహా మండలిని నెలకొల్పింది. సంస్థ తన భద్రతను తానే కొలుచుకొని తానే సంతృప్తి చెందరాదన్నదే దాని ఉద్దేశం.

ఈ విచారణల ఫలితం శూన్యం కాదు. నౌకను ఆమూలాగ్రం మార్చారు. కొన్ని క్షణాలలో బయటికి తెరచుకొనే తలుపు అమర్చారు. తేలికగా అంటుకొనే వస్తువులను తొలగించారు. నేలపై ఉన్నపుడు నౌకలో ఆక్సిజన్‌తో నైట్రోజన్ కలిపే పద్ధతి తెచ్చారు. ఇరవై ఒక్క మాసాల పాటు ఒక్క మనిషి కూడ అపోలోలో ఎగురలేదు. ఆ ఆలస్యం లేనిదే చంద్రయాత్ర క్షేమంగా ముగిసేది కాదని తరువాత అందులో పనిచేసిన వారే పలువురు ఒప్పుకొన్నారు. చట్టసభ ప్రశ్నలు పనికి ఆటంకమని విసుగుకొనే అధికారులు ఈ ఒక్క ఉదాహరణను గమనించిన చాలును.

వెబ్ మాత్రం మునుపటి వెబ్ కాలేకపోయారు. వియత్నాం యుద్ధ భారం, నగరాలలో అల్లర్లు, పేదరికంపై ఆందోళన వీటన్నిటి నడుమ అంతరిక్ష వ్యయానికి మొగ్గు తగ్గింది. 1965లో 525 కోట్లుగా ఉన్న కేటాయింపు 1968 నాటికి 459 కోట్లకు, 1969 నాటికి 400 కోట్లకు దిగివచ్చింది. 1968 ఆగస్టులో వెబ్ వియన్నాలో ఐక్యరాజ్య సమితి అంతరిక్ష సమావేశానికి హాజరయ్యారు. మన విక్రమ్ సారాభాయ్ ఆ సమావేశపు ఉపాధ్యక్షులలో ఒకరుగా, వైజ్ఞానిక విభాగానికి అధ్యక్షులుగా ఉన్నారు. అక్కడ ఉండగానే, తదుపరి అపోలో నౌకను నేరుగా చంద్రుని చుట్టూ తిప్పాలన్న ఆలోచన వెబ్‌కు టెలిఫోన్ ద్వారా అందింది. మొదట ఉలిక్కిపడినా తరువాత జాగ్రత్తతో ఆమోదించారు. సెప్టెంబరు 16న తన నిష్క్రమణను ప్రకటించి, అక్టోబరు 7న, తన 62వ జన్మదినాన, పదవి విడిచారు. నాలుగు రోజుల తరువాత అపోలో 7 ముగ్గురు మనుషులతో ఎగిరింది. మనిషి చంద్రునిపై దిగిన నాటికి ఆయన సామాన్య పౌరుడు.

పదవి వీడిన తరువాత వెబ్ భారీ సంస్థల నిర్వహణపై ఉపన్యాసాలిచ్చి, 1969లో స్పేస్ ఏజ్ మేనేజ్‌మెంట్ అనే గ్రంథాన్ని ప్రచురించారు. స్మిత్సోనియన్ సంస్థ సేవలో పాలుపంచుకొన్నారు. 1992 మార్చి 27న వాషింగ్టన్‌లో పరమపదించారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశాన వాటికలో ఆయన సమాధి ఉన్నది.

2002లో నాసా తాను నిర్మించనున్న మహా దూరదర్శినికి ఆయన పేరు పెట్టింది. విచిత్రమేమనగా, జీవితమంతా సభా సంఘాల ఎదుట లెక్క చెప్పిన వ్యక్తి పేరు గల ఆ దూరదర్శిని కూడ సంఘాల ఎదుట నిలువవలసి వచ్చింది. వ్యయం పెరిగి, గడువు జరిగిపోవడంతో 2010లో సెనేటు సభ్యురాలు బార్బరా మికుల్‌స్కీ స్వతంత్ర సమీక్ష కోరారు. దోషం శాస్త్రజ్ఞుల పనితనంలో లేదు, బడ్జెట్ అంచనాలోను నిర్వహణలోను ఉన్నదని ఆ సమీక్ష తేల్చింది. 2011లో ప్రతినిధుల సభ ఉపసంఘం పథకాన్నే రద్దు చేయాలని ప్రతిపాదించింది. చివరకు కాంగ్రెసు 800 కోట్ల డాలర్ల హద్దు విధించి బ్రతికించింది. 2018లో ఆ హద్దు కూడ దాటక తప్పదని నాసా ఒప్పుకొని మరల అనుమతి కోరవలసి వచ్చింది. 2021 డిసెంబరు 25న ఆ దూరదర్శిని ఎగిరి, విశ్వపు తొలి నక్షత్ర సమూహాల కాంతిని మనకు చూపుతున్నది.

ఆ పేరు విషయంలో వివాదమూ చెలరేగింది. వెబ్ విదేశాంగ శాఖలోను నాసాలోను ఉన్న కాలంలో స్వలింగ సంపర్కులన్న కారణంతో ఉద్యోగులను తొలగించిన చరిత్ర ఉన్నది. ఆ తొలగింపులకు ఆయన పూనుకొన్నట్లు ఆధారాలు లేవని నాసా చరిత్ర విభాగం 2022లో నివేదించి, పేరును మార్చలేదు. తన ఏలుబడిలో జరిగిన దానికి అధిపతి బాధ్యత వహించవద్దా అని విమర్శకులు అడిగారు. ఫిలిప్స్ పత్రాల సందర్భంలో మాండేల్ అడిగినది కూడ తుదకు ఈ ప్రశ్నే. నాకు తెలియదు అన్న మాట మనిషిని అబద్ధపు నింద నుండి తప్పించవచ్చు గాని, అధిపతిని బాధ్యత నుండి తప్పించదు. వెబ్ గొప్పతనాన్ని తగ్గించడానికి మేమీ మాట చెప్పడం లేదు. ఆయన జీవితం నుండి గ్రహించవలసిన సారం ఇదేనని మా అభిప్రాయం.

ప్రజాధనం ఏ సంస్థకూ సొంతం కాదు. మన ఉర్దూ తరగతులలో అమానత్ అని పిలిచే భావం దీనికి చక్కగా సరిపోతుంది. ఒకరు నమ్మి అప్పగించిన సొత్తు అది. అడిగినపుడు చూపాలి, అడగకముందే చెప్పాలి, పాడైతే మొట్టమొదట యజమానికే తెలియజేయాలి. వెబ్ ఏడేళ్లకు పైగా ఈ ధర్మాన్ని పాటించి ఒక దేశాన్ని చంద్రుని గుమ్మం వరకు నడిపించారు. ఒక్కచోట కింది నుండి నిజం పైకి రానందున, వచ్చిన తరువాత దానిని వెంటనే సభ ముందు పరచనందున, సంపాదించిన నమ్మకంలో పెద్ద భాగం కోల్పోయారు. మన కళాశాల నుండి వెలువడే విద్యార్థులలో కొందరు పంచాయతీ కార్యాలయంలోనో, సహకార సంఘంలోనో, విజ్ఞాన సంస్థలోనో బాధ్యత గల స్థానాలను అలంకరిస్తారు. వారి చేతిలోని పద్దు పుస్తకం చిన్నదే కావచ్చు. దానిని అడిగే హక్కు గలవారు ఎదుట నిలిచిన నాడు జేమ్స్ వెబ్ విజయమూ, ఆయన తడబాటూ రెండూ వారికి జ్ఞాపకం రాగలవని ఆశిస్తున్నాము.